పరాగం, పరాకు

ఎమ్మెస్సీలో నేను పుప్పొడి మీద ప్రాజెక్టు తీసుకున్నానని తెలిసి మా అమ్మ, "పూల మీది దుమ్ము చూడ్డానికి అంత చదువెందుకే?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పుప్పొడిలా ఉండదనీ, వేల ఏళ్ళ కిందటి మట్టిలో దొరికినా అక్కడ ఏ చెట్లుండేవో చెప్పొచ్చనీ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, "సరే, ఆ పళ్ళెం ఇటు జరుపు" అంది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. సూరత్‌లో నాన్నకిచ్చిన రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మరమగ్గాల పేట నవాగామ్ నుంచి ఒక మగ్గాలాయన ఏదైనా గుజరాతీ కాగితం చదివించుకోవడానికి మా ఇంటికి వచ్చేవాడు. కరీంనగర్ వైపు మనిషి. రాత్రి షిఫ్టులో నాలుగు మగ్గాలు ఒక్కడే చూసుకునేవాడు.

ఒకరోజు ఆయన కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతూ వచ్చాడట. నేను కాలేజీలో ఉన్నాను. డాక్టరేమన్నాడని అమ్మ అడిగితే, "గుజరాతిల ఏందో అన్నడమ్మా. పరాగ్ తోని గిట్లయితుందంటడు" అన్నాడట. అమ్మకు తెలిసింది ఒకటే పరాకు. "మగ్గాల దగ్గర పరాగ్గా ఉంటే వేళ్ళు తెగుతాయి నాయనా!" అని గట్టిగా మందలించింది. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. పని మానేసి ఊరికి పోతానన్నాడు.

"తుమ్ములొస్తె దారం తెగింది గూడ సూస్కుంటలేను చెల్లె. సేట్ గరమైతున్నడు. నాకు పరాకు రోగమంట, గీ పనికి పనికిరాను."

డాక్టరు రాసిన చీటీ ఇమ్మని చదివాను. గుజరాతీలో పరాగ్ అంటే పుప్పొడి. మన పాఠాల్లోనూ పరాగమనే అంటాం. పుప్పొడి పడక తుమ్ములు వస్తున్నాయని డాక్టరు చెబితే, మా ఇంట్లో దాన్ని ఆయన బుద్ధికే అంటగట్టాం. అమ్మ నాలుక్కరుచుకుంది. నాకు మాత్రం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, లోపల సంతోషమేసింది. ఇన్నాళ్ళకు నా చదువుతో ఒకరికి పని పడింది.

గాలిలోని పుప్పొడి అంటుకునేలా గాజుపలకలకు వాసెలిన్ రాసి ఆయన చేతికిచ్చాను. ఒకటి మగ్గాల షెడ్డు గుమ్మం దగ్గర, ఒకటి గదిలో, ఒకటి పగలు నిద్రపోయే చోట పెట్టమన్నాను. రోజంతా ఉంచి, డబ్బాలో మూతపెట్టి జాగ్రత్తగా తెచ్చిచ్చాడు.

కాలేజీలో వాటికి గులాబీ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. షెడ్డు పలకలో దారాల పీచు తప్ప రేణువులు ఒకటీ అరా. గది పలకలోనూ అంతే. మూడోది మాత్రం రేణువులతో నిండిపోయింది, ఒక్కోదానికి మూడు నిలువు గాడులు. రైలు పట్టాల పక్కనున్న సర్కారు తుమ్మ పూలు కోసుకొచ్చి పోల్చి చూశాను. అవే!

ఆయన వచ్చేసరికి నోట్‌బుక్‌లో బొమ్మ గీసి ఉంచాను. "నీకు పరాకూ లేదు, ఏమీ లేదన్నా. నువ్వు పడుకునే చోట ఉన్న సర్కారు తుమ్మ పుప్పొడి పడట్లేదు. ఆ చెట్టు కింద పడుకోకు, చాలు" అన్నాను.

ఆయన ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి యాడ పండాలె చెల్లె? రూముల పదిమందిమి. పగటిపూట డే షిఫ్టు లేనోళ్ళు వండుకుంటరు, టీవీ వెడ్తరు. గా చెట్టు కిందనే జర కన్నంటుకుంటది."

ఏ చెట్టో కనిపెట్టాను గానీ, ఆయనెందుకు అక్కడ పడుకుంటున్నాడని ఒక్కసారైనా అడగలేదు. నోట్‌బుక్ మూసేశాను. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి వింటోంది.

మర్నాడు ఉదయం నాన్న డ్యూటీకి బయల్దేరుతూ వెనక వరండా గ్రిల్లుకు తాళం లేకపోవడం చూశారు. క్వార్టర్స్‌లో బయటివాళ్ళను ఉంచకూడదని ఆయనకు మహా పట్టింపు. లోపల రాత్రి షిఫ్టు దిగొచ్చిన మగ్గాలాయన గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. తుమ్ములు లేవు.

"తాళమేదీ?" అన్నారు నాన్న.

"పరాగ్గా మర్చిపోయానండీ" అంది అమ్మ.

"చాపా, దిండూ?"

"అవీ పరాగ్గానే" అంది అమ్మ, గొంతు తగ్గించమని చెయ్యి ఊపుతూ.