కోత పండుగకు వచ్చిన ఎద్దు

1949లో నేను సూర్యాపేట పశువుల దవాఖానలో కంపౌండరును. పోలీసు చర్య అయిపోయి, గడబిడలు కొంత సద్దుమణిగి జనం మళ్లీ పొలాల మొహం చూస్తున్న రోజులు. సరిగ్గా అప్పుడే కోదాడ వైపు పశువులకు రిండర్‌పెస్ట్ తగిలింది. మనవాళ్లు ముసర అంటారు. నోట్లో పుండ్లు, కళ్ల వెంట నీళ్లు, విరేచనాలు; చూస్తుండగానే పశువు పోతుంది. తగిలాక మందు లేదు. తగలకముందే టీకా వెయ్యాలి, తగిలినదాన్ని మందకు దూరంగా కట్టెయ్యాలి. దీన్నే మేము ఐసొలేషన్ అంటాం. చెప్పడానికి రెండు ముక్కలే. చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

చిలుకూరు నా అత్తగారి ఊరు. మా ఆవిడకు పెదనాన్న వరసయ్యే సమూయేలు అక్కడి క్రైస్తవుల వాడలో ఉండేవాడు. ఇరవై ఏళ్లు దొర దగ్గర జీతమున్న మనిషి. కిందటేడే సొంతంగా ఒక జత ఎడ్లు కొన్నాడు. ఆ వాడలో మొదటి కాడెడ్లు అవే. ప్రతి ఆదివారం చర్చిలో లేచి, దేవుడు తన కొట్టం నింపాడని సాక్ష్యం చెప్పేవాడు. సంతోషమే. కానీ ఆ సంతోషానికి నెమ్మదిగా పొగరెక్కింది.

బుధవారం నాడు టీకా సామాను సైకిలుకు కట్టుకుని ఆయన వాకిట్లో దిగాను.

"మామా, జర ఎడ్లను పట్టుకో. సూదేస్త."

"దేవుడిచ్చిన ఎడ్లకు సూదేంది అల్లుడా? నమ్మకం లేనోళ్లకు గదా రోగాలు! సూడు, గొల్ల మల్లయ్య బర్లు రెండూ పాయె."

ఆ మల్లయ్య పక్కింటి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. విన్నాడు, తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"బర్లు నమ్మకం లేక సావలే మామా, టీకా లేక సచ్చినయ్."

"సర్కారు మనిషివి. నువ్వు గట్లనే అంటవ్."

వాడంతా తిరిగాను. పశువులు మంచిగున్నయా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "దేవుని దయ, మంచిగున్నయ్." టీకా మాటెత్తితే అందరూ సమూయేలు వంక చూసేవాళ్లు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టయింది.

ఆదివారం కోత పండుగ. తొలి పంటలో కొంత, కోళ్లు, గుమ్మడికాయలు చర్చికి తెస్తారు. ఆ ఊళ్లో అదనంగా పశువుల్ని కడిగి, చర్చి ముందు వరసగా కట్టి ప్రార్థన చేయిస్తారు. అంటురోగం వేళ అంతకన్నా తెలివితక్కువ పని ఇంకొకటి ఉండదు. ఈ ఒక్క ఏడాదికి మానండయ్యా అని బతిమాలాను. వింటే కదా! ఇక దారికి అడ్డంగా నిలబడి ఒక్కోదాన్నీ చూసి పంపుతానన్నాను.

అందరికన్నా ముందు సమూయేలు ఎడ్లే వచ్చాయి, మెడలో బంతిపూల దండలతో. ఎడమ పక్కన కట్టే దాపటి ఎద్దు తల వేలాడేసింది. కళ్ల కింద తడి. నోరు తెరిచి చూస్తే చిగుళ్ల నిండా తవుడు చల్లినట్టుంది.

"ఎన్నడు మొదలైంది?"

"మొన్నటి సంది..."

నేనున్నది నాలుగిళ్ల అవతల, మా అత్తగారింట్లో. ఒక్క కేక వేస్తే పరుగెత్తుకొచ్చేవాణ్ణి. పట్టరాని కోపంతో అందరి ముందూ అరిచేశాను.

"తెలిసి తెలిసి వాడ పశువులన్నిట్ల కలుపుతవా? ఎందుకు దాసినవ్?"

పెద్దాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎద్దుకు రోగమొచ్చిందంటే దేవుడు నన్ను ఇడిసిపెట్టిండంటరు గద అల్లుడా. నేను మల్లయ్యను గట్లనే అన్లే? పోయినేడు నువ్వు గీ చర్చిల్నే ఏమన్నవ్? నా నమ్మకం సూసి దేవుడు నౌకరీ ఇచ్చిండు, సైకిలిచ్చిండు అన్లే? మరి ఎద్దు పోతుంటే నాకు నమ్మకం లేనట్టే గద!"

అన్నాను. కొత్త సైకిలు గోడకు ఆనించి, అందరికీ కనబడేలా నిలబడి మరీ అన్నాను. ఆయన నా పాఠమే నాకు అప్పజెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

పండుగ చూడటానికి వచ్చిన జనం వెనక నుంచి మల్లయ్య వచ్చి ఎద్దు పలుపు అందుకున్నాడు.

"చేను కాడ నా దొడ్డి ఖాళీగనే ఉన్నది. గాడ కడత. అంటుకునేటందుకు నా తాన ఇంకేం మిగిలినయ్?"

ఆయన అంత మాట అన్నాక వాడ నోరు తెరుచుకుంది. మా ఆవు నిన్నటి సంది మేస్తలేదని ఒకామె, మా కోడె కూడా అని ఇంకొకాయన. ఆ రెండూ మల్లయ్య వెంటే వెళ్లాయి. మిగతావాటికి చర్చి ముందే టీకాలు వేశాను. ఒక్కోదాన్నీ కదలకుండా పట్టుకుంది సమూయేలు మామే. దాపటి ఎద్దు నాలుగో నాడు పోయింది. మల్లయ్య దానికి గంజి తాగిస్తూ చివరిదాకా దగ్గరే ఉన్నాడు. వలపటిది దక్కింది.

తర్వాత మిర్యాలగూడకు బదిలీ అయి వేములపల్లి వైపు తిరిగినప్పుడు కూడా, పశువులు మంచిగున్నయా అని ఎవరినీ అడగలేదు. రోగం ఎవరింటికైనా వస్తది, అది ఎవరి పాపమూ కాదు అని ముందు చెప్పేవాణ్ణి. ఏది మేస్తలేదని ఆ తర్వాతే అడిగేవాణ్ణి. అప్పుడు చెప్పేవాళ్లు.

చర్చిలో సాక్ష్యం చెప్పమంటే సైకిలు సంగతి మళ్లీ ఎత్తలేదు. మల్లయ్య దొడ్డి సంగతి చెబుతాను. అది ఖాళీ అయిందని ఆయన్ని చులకన చేశాం. మా పశువులు బతికింది అది ఖాళీగా ఉన్నందుకే.