రాళ్ళ వెనకాల ఆడమనిషి

మా నానక్‌రామ్‌గూడలో సూర్యుడు పడమట ఉదయిస్తాడు. నా సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేస్తారు. తెలియనివాళ్ళు కాస్త ఆగండి. పొద్దున ఆరుంబావుకు షేర్ ఆటోలు ఆగేచోట, టీ బండి పక్కన పడమటికి తిరిగి నిలబడితే, ఎదురుగా ఉన్న అద్దాల టవరులో ఇరవయ్యో అంతస్తు దగ్గర ఎర్రగా సూర్యుడు లేస్తాడు. వెచ్చదనం కూడా మొహానికే తగులుతుంది. ఈరోజు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆ ఎరుపును చూస్తుంటే, వెనకనుంచి ఒక గొంతు పలికినట్టయింది: "ఏ అద్దంలోనండీ, లింగమూర్తి గారూ? అది కూడా రాయండి."

ఆ గొంతు సుభద్ర గారిది. మా ఆఫీసులో చాలా ఏళ్ళు నా పైఅధికారి. ఉద్యోగ విరమణ చేసి, తను పుట్టిన సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోయి నాలుగేళ్ళవుతోంది. ఆవిణ్ణి మీరు చూసి ఉండరు. ఒకవేళ ఎదురుపడినా, క్యాంటీన్ మూల పెరుగన్నం డబ్బా విప్పుకుని కూర్చున్న చిన్నపాటి మనిషిని దాటుకుని వెళ్ళిపోయి ఉంటారు. కానీ అమెరికాలో ఒక మ్యూజియం గోడ మీద నూట యాభై ఏళ్ళనాటి బొమ్మ పేరు మారిందంటే అది ఆవిడ వల్లే. ఇది కోత కాదు.

నా కోతలు వేరే ఉన్నాయి. మా టవరు పునాది కింద వదిలేసిన బండరాయి ఏటా వేలెడు పెరుగుతోందనీ, అందుకే లిఫ్టు రెండో అంతస్తు దగ్గర కుదుపిస్తుందనీ నేను చెబితే, ఒక కొత్త ఇంజినీరు ఏడాదిపాటు మెట్లెక్కాడు. దుర్గం చెరువు చేపలు వంతెన దీపాల రంగును బట్టి రంగు మారుస్తాయన్నది కూడా నా సృష్టే. అలాంటివాణ్ణి తెచ్చి, ఉన్నది ఉన్నట్టు రాసే పనిలో పడేసింది కంపెనీ. అంతకుముందు యంత్రాలకు వాడుక పుస్తకాలు రాసేవాణ్ణి. ఆ పని ఆగిపోయి బెంచీ మీద ఉన్నాను. బెంచీ అంటే, జీతం వస్తుంది, పని ఉండదు, ఏ రోజు పిలిచి ఇంటికి పంపేస్తారో తెలియదు.

పని ఏమిటంటే, ఆ మ్యూజియంవాళ్ళు పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ చిత్రకారుల బొమ్మలను ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. కొండలు, నదులు, సముద్రాలు. చూపులేనివాళ్ళ కోసం ఒక్కో బొమ్మనూ మాటల్లో రాయాలి. కంప్యూటరు దాన్ని చదివి వినిపిస్తుంది. పరీక్షగా ముందు నలభై బొమ్మలు పంపారు. నచ్చితే రాసే మా ఎనిమిది మందికీ, మా రాతలు వినే మల్లేశ్‌కీ కొన్నేళ్ళ పని. నచ్చకపోతే మేము మళ్ళీ బెంచీకి, మల్లేశ్ మాత్రం తిన్నగా ఇంటికి.

మల్లేశ్‌ది శేరిలింగంపల్లి దగ్గర పల్లె. పుట్టుకతోనే చూపులేదు. మేము రాసినవి విని, అర్థమవుతున్నాయో లేదో చెప్పడం అతని పని. మా అందరిలో అతనొక్కడే కాంట్రాక్టు మనిషి. అదే అతని మొదటి ఉద్యోగం. మెళ్ళో వేసుకునే గుర్తింపు కార్డును ఆదివారం కూడా తీసేవాడు కాదని వాళ్ళమ్మే చెప్పింది.

మొదటిరోజే సుభద్ర గారు మమ్మల్ని కూర్చోబెట్టి, బొమ్మల గురించి కాకుండా వాళ్ళ నాన్నగారి గురించి చెప్పారు. ఆయన బందరు దిగువన లైట్‌హౌస్ కాపలాదారు. ఈవిడ బాల్యమంతా ఆ దీపం కిందే. అక్కడ ఒక లాగ్ పుస్తకం ఉండేదట. కాపలా మారినప్పుడల్లా అందులో రాయాలి: గాలి ఎటునుంచి, నీళ్ళు ఎలా ఉన్నాయి, ఎంతదూరం కనిపిస్తోంది, ఏమేం కనిపించాయి. కింద రెండు సంతకాలు. చూసినవాడిది ఒకటి, వాడి దగ్గర బాధ్యత తీసుకున్నవాడిది ఒకటి.

"నాన్నగారు ఓడ కనిపిస్తే ఓడ అని రాసేవారు, దీపం కనిపిస్తే దీపం అని రాసేవారు," అన్నారు సుభద్ర గారు. "దీపం కనిపించింది కదా అని ఓడ ఉందని రాయకూడదండీ. మనమూ అంతే. వెలుతురు ఎటునుంచి, గాలి ఎటునుంచి, దగ్గరేముంది, దూరమేముంది, మనుషులెందరు. అక్కడితో సరి."

నాకు పిచ్చెక్కింది. ఆ బొమ్మలు చూస్తే మీకూ ఎక్కుతుంది. గాలివాన వెళ్ళిపోతున్న లోయ, మెలికలు తిరిగి మెరిసే నది, సముద్రపు చిత్తడిలో గడ్డి కుప్పలు, అద్దంలాంటి సముద్రం. అంత పెద్ద ఆకాశం కింద మనిషి మాత్రం చీమంత! ఆ చీమ ఎవరో, ఏ బాధతో నిలబడిందో చెప్పొద్దంటే ఎలా? అదే అడిగాను. ఆవిడ నా రాతనూ బొమ్మనూ పక్కపక్కన పెట్టి, "ఈ చిత్రకారులు తమ కుంచె గీత కూడా కనిపించకుండా నున్నగా తుడిచేసుకున్నారండీ. మీరేమో బొమ్మ మధ్యలో మీ మీసం పెట్టి నిలబడ్డారు," అన్నారు. ఆ తర్వాత వారంపాటు ఆఫీసంతా నన్ను మీసం సారూ అని పిలిచింది.

ముప్పై ఒకటో బొమ్మ దగ్గర నా చెయ్యి ఆగలేదు. ప్రశాంతమైన రేవు. ఇవతల రాళ్ళ ఒడ్డు, అవతల సముద్రం మీద ఎర్రటి సూర్యుడు, మధ్యలో తెరచాప ఓడ, దాని పక్కన చిన్న పడవ, అందులో మనకు వీపు తిప్పి కూర్చున్న ఒక మనిషి. మ్యూజియంవాళ్ళు ఇచ్చిన పేరులో సాయంత్రం అని ఉంది. సాయంత్రమంటే వాడు ఇంటికి రావాలి కదా. ఇంటికొచ్చేవాడి కోసం ఒకరు ఎదురుచూడాలి కదా. రాళ్ళ మీద శాలువ కప్పుకుని, బిడ్డనెత్తుకున్న ఒక ఆడమనిషిని నిలబెట్టాను. మేము రాసేది ఇంగ్లీషులోనే, పోట్లాడుకునేది మాత్రం తెలుగులో. ఆ ఇంగ్లీషు ఎంత బాగా కుదిరిందంటే, నాకే కళ్ళు చెమ్మగిల్లాయి.

మల్లేశ్ విని, కర్ర తాటించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "లింగన్నా, ముప్పై ఒకటి ఇన్న. పానం లేసొచ్చింది! ఆమె శాలువ గాలికి ఎగురుతున్నదా? కాళ్ళకు చెప్పులున్నయా?"

"లేవు. ఉత్త కాళ్ళతోని నిలవడ్డది," అన్నాను. ఒకటి చెప్పినవాడికి రెండోది ఎంతసేపు?

నలభై బొమ్మలూ వెళ్ళిపోయాయి. మూడోరోజు సుభద్ర గారు నన్ను పిలిచారు. తెర మీద ముప్పై ఒకటి పెద్దదిగా చేసి ఉంది. మల్లేశ్ కూడా అక్కడే కూర్చున్నాడు.

"ఈవిడ ఎక్కడున్నారండీ?"

"రాళ్ళ వెనకాల, మేడం."

"రాళ్ళ వెనకాల ఉన్నావిడ మీకెలా కనిపించారు?"

మల్లేశ్ తల మెల్లగా నా వైపు తిరిగింది.

"ఆమె లేదానే?"

"లేదు, మల్లేశ్."

"మా అమ్మకు చెప్పిన గద అన్నా. పిల్లనెత్తుకొని గట్ల నిలవడ్డదంటే మా అమ్మ ఏడ్చింది." కాసేపు కార్డు తాడును వేలికి చుట్టుకున్నాడు. "ఒక బొమ్మ చూసిన అనుకున్న. చూడలే. నీ ముచ్చట ఇన్న, అంతే."

అతను తిట్టి ఉంటే బాగుండేది. నేను మెట్లెక్కించిన ఇంజినీరు కావాలంటే లిఫ్టు ఎక్కి చూసుకోగలడు. మల్లేశ్ ఎక్కడికెళ్ళి చూసుకుంటాడు?

సుభద్ర గారు నన్ను కోప్పడలేదు. "ముప్పై తొమ్మిది బొమ్మలు నేను సరిచూశాను. ఇది మాత్రం చదువుతుంటే ఎంతో బాగుందని, బొమ్మ తెరవకుండానే పంపించేసి, నిన్న తెరిచాను. రాసింది మీరు, చూడకుండా బాధ్యత తీసుకుంది నేను. ఉత్తరం ఇద్దరం రాద్దాం," అన్నారు.

సంగతి తెలిసి ప్రాజెక్టు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, మన తప్పు మనమే చెప్పుకుంటామా? పరీక్షలో ఉన్నాం. ఇంత చిన్నది ఎవరూ గమనించరు, వదిలేయండి."

"చూడలేనివాళ్ళ కోసం రాస్తున్నామండీ. వాళ్ళెలా గమనిస్తారు?" అన్నారావిడ.

అంతటితో ఆగినా సరిపోయేది. కానీ ఉత్తరం కోసం బొమ్మను మళ్ళీ మళ్ళీ చూసిన ఆవిడ, మర్నాడు మా అందర్నీ తెర ముందుకు పిలిచి, ఇది ఏ వేళ అని అడిగారు. ఎనిమిది మందిమీ సాయంత్రమే అన్నాం. "నేను మాత్రం సూర్యోదయం అంటానండీ. ఇది అమెరికా తూర్పు తీరం, దీనికి కూడా మా ఊళ్ళోలాగే సముద్రం తూర్పున ఉంది."

"రేవు వంకర తిరిగి ఉండొచ్చు కద మేడం," అన్నాను. పట్టుబడ్డవాడికి కూడా కాస్త పౌరుషం ఉంటుంది.

"ఉండొచ్చు. అందుకే ఓడ మీది జెండా చూడండి. ఇవతలి ఒడ్డు నుంచి సముద్రం వైపు ఎగురుతోంది. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. పొద్దెక్కాక తిరగబడి, సముద్రం మీంచి ఒడ్డుకొస్తుంది, చీకటి పడేదాకా అలాగే. నాన్నగారి పుస్తకంలో వేసవి పొద్దుల్లో గాలి గడి నిండా నేల గాలే. పడవ ముక్కు కూడా బయటికే ఉంది. అతను ఇంటికి రావట్లేదండీ, పనికి వెళ్తున్నాడు."

మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు తట్టింది అసలు సంగతి. అమెరికా వేళలకు తగ్గట్టు మధ్యాహ్నం వచ్చి పనిచేసే మాలో, సూర్యోదయం చూసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఎర్రటి సూర్యుడంటే మాకు తొమ్మిదో అంతస్తు కిటికీలోంచి, టీ వేళకు కనిపించేది ఒక్కటే. నేనైతే సముద్రమే చూడలేదు; మాది సంగారెడ్డి.

మర్నాటి తెల్లవారుజామున ఆవిడ మమ్మల్ని ప్రగతి నగర్ చెరువు గట్టుకు రప్పించారు. ఆవిడ ఇల్లు అక్కడికి దగ్గరే. ఆవులింతలతో ఎనిమిది మందిమి వరసగా నిలబడ్డాం. మల్లేశ్ సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. "లింగమూర్తి గారు చెప్తారు, మల్లేశ్ గారు వింటారు," అని ఆజ్ఞ అయింది.

"చెప్పు," అన్నాడు మల్లేశ్. ఆ రెండక్షరాల్లో అన్న లేదు.

చెప్పాను. "వెలుతురు నీ ఎదురుంగ. గాలి లేదు. నీళ్ళ మీద పలుచగ పొగమంచు. ఎర్రదనం ఉన్నది గని, సాయంత్రమున్నట్టు దుమ్ము లేదు, కడిగినట్టున్నది. దగ్గర, గుర్రపుడెక్క ఆకు. దూరంగ అపార్టుమెంట్లు, తలకిందులుగ నీళ్ళల్ల కూడ ఉన్నయి. మనుషులు, నడిచేటోళ్ళు ఇద్దరు." అక్కడ నా నాలుక దురద పెట్టింది. ఒంటికాలి మీద ఒక తెల్లకొంగ ఉంటే ఎంత బాగుంటుంది!

నేను ఆగడం అతనికి వినిపించింది. "కొంగ గిట్ల ఉన్నదా?"

"లేదు."

"మంచిది." కాసేపటికి, "ఇగ కూసో అన్నా. ఎంతసేపు నిలవడ్తవ్," అని పక్కకు జరిగాడు. ఆ పక్కన, ఆ చల్లటి సిమెంటు మీద కూర్చున్నాను. దారినపోయే ఒకాయన మా అందరికీ ఫోటో తీశాడు.

ఆరోజే ఉత్తరం వెళ్ళింది. ముప్పై ఒకటో బొమ్మలో ఆడమనిషి లేదు, తప్పు మాది. ఇది సూర్యోదయం అని మా నమ్మకం, కారణాలు ఇవి. కింద రెండు సంతకాలు. నేను పూర్తి పేరు రాశాను. పక్కన ఆవిడ సంతకం ముందే ఉంది మరి.

రెండు వారాలు మాటాపలుకూ లేదు. మేనేజరు మా వైపు రావడం మానేశాడు. మల్లేశ్ కార్డును రోజుకు నాలుగుసార్లు తుడిచేవాడు. నేను ఆ రెండు వారాలూ ఒక్క కోత కూడా కోయలేదు. పదిహేనో రోజున జవాబు వచ్చింది. సుభద్ర గారు నిలబడి పైకి చదివారు. చిత్రకారుడి పాత చిత్తు పుస్తకం తీసి చూశారట. ఆ రేవు పెన్సిల్ బొమ్మ పక్కన, సూర్యోదయం అని అతని చేత్తోనే రాసి ఉందట. సాయంత్రం అన్న పేరు తర్వాతెప్పుడో అమ్మినవాళ్ళు తగిలించింది. గోడ మీద పేరు మారుస్తున్నాం. తమ తప్పు మేం పట్టుకోకముందే చెప్పినవాళ్ళకే మిగతా బొమ్మలన్నీ పంపుతున్నాం, అని రాశారు.

మేము బల్లలు చరిచాం. మల్లేశ్ ఈల వేశాడు. మేనేజరు ఎక్కడినుంచో మిఠాయి డబ్బా పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. సుభద్ర గారు ఉత్తరం మరోసారి పైనుంచి కిందికి చూసి, "గాలి సంగతి ఏమీ రాయలేదేంటండీ?" అన్నారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కోతలు మానలేదు, మానను కూడా. కాకపోతే అవి టీ బండి దగ్గర, వినేవాడికి కళ్ళుమూసి తెరిచేలోగా సరిచూసుకునే వీలున్నచోట. ఈరోజు కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పాఠం, అందుకే ఇంత పొద్దున్నే వచ్చాను. ఆవిడ గురించి వినీ వినీ వాళ్ళు తాటిచెట్టంత మనిషిని ఊహించుకున్నారు. చెరువు గట్టు ఫోటోను ఎలా రాయాలో చూపిస్తానన్నాను. మల్లేశ్ ఇప్పుడు పర్మనెంటు, పరీక్షించేవాళ్ళందరికీ పెద్ద. పొద్దున రాసింది కంప్యూటరు చదువుతుంటే చెవి ఒగ్గి విన్నాడు. వెలుతురు కుడినుంచి, ఉదయం. గాలి లేదు. మనుషులు పదిమంది. మధ్యలో నేత చీర కట్టుకున్న ఒకావిడ.

"ఆమె ఎంత ఎత్తో రాయలేదేంది?" అన్నాడు.

"రాస్తే ఈ పిల్లలు నమ్మరు, మల్లేశ్. నిజం చెప్పినా కోతే అంటరు."

"రాయి అన్నా. ఆమె గొంతు నా ఛాతీ కాడికెళ్ళి వచ్చేది, నాకెర్కలేదా? నేను సంతకం పెడ్త."

రాశాను: నాలుగడుగుల పది అంగుళాలు. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.