మేష్టారు రాసిన ఒక్క మాట

వెంకటప్పయ్య మేష్టారు పోయారని పొద్దున తెనాలి బండి దిగినవాళ్ళు చెప్పారు. నేను అప్పుడు కళ్ళంలో ధాన్యం తూర్పారపడుతున్నాను. చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. మొన్న దసరాలకి మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళిన మనిషి. "ఎవరు? మన మేష్టారేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాను. చెప్పినవాళ్ళు విసుక్కున్నారు.

పెద్దకర్మ నాడు వారి అబ్బాయి, "నాన్నగారి మీద చిన్న పుస్తకం వేస్తున్నాం పిన్నీ, మీరూ రాయాలి" అన్నాడు. నేను చదివింది అయిదో తరగతి. ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. మొదట ‘పరమపదించారు’ అని రాశాను. అలా రాస్తే గౌరవంగా ఉంటుందని మా ఆయన అన్నాడు. కానీ మా ఊళ్ళో ఎవరూ ఆ మాట అనరు. మేష్టారు చూస్తే "ఎవరి కోసం రాశావమ్మాయ్?" అంటారు. అందుకని కొట్టేశాను. మేష్టారు పోయారు.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. ఆయన తెనాలిలో తెలుగు మేష్టారు. బడి మానేశాక, రైతులకి పంచే కరపత్రాలు తెలుగులో రాసే పని ఒప్పుకున్నారు. కొత్త వరి వంగడాలు వచ్చిన రోజులవి. ఎరువులూ మందులూ అన్నీ కొత్తే. వాటి గురించిన కాగితాలు బాపట్ల వ్యవసాయ కాలేజీ నుంచి ఇంగ్లీషులో వచ్చేవి. మేష్టారు వాటిని తెలుగు చేసి, అచ్చుకి ఇచ్చే ముందు రేపల్లె బండెక్కి మా ఊరు వచ్చేవారు. ఒక్కో ఇంగ్లీషు మాటకి తెలుగులో నాలుగు మాటలుంటాయట. అందులో మాకు పనికొచ్చేది ఏదో చూసుకోవడానికి రావడం.

మొదటిసారి వచ్చినప్పుడు రైసుమిల్లు దగ్గర అందరినీ కూర్చోబెట్టి, "అయిదో ఆరో చదివి ఆపేసినవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగారు.

"మా వాడు బీఏ అండి, వాడు చదువుతాడు" అన్నాడు కరణంగారి తమ్ముడు.

"బీఏ వద్దండి. ఆయనకి నేనేం రాసినా అర్థమవుద్ది."

అందరూ నవ్వి నన్ను చూపించారు. సిగ్గుతో చచ్చిపోయాను. కాగితం నా చేతికిచ్చారు. ‘విత్తనములకు చికిత్స చేయవలెను’ అని చదివానో లేదో మా మరిది లేచాడు. "చికిత్సంటే ముందు నాడి చూడాలి కదండీ, వడ్లగింజకి చెయ్యి ఏ పక్కనుంటుందండి?" అన్నాడు. మిల్లంతా నవ్వు. మేష్టారు అందరికన్నా గట్టిగా నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, "మరి నువ్వేమంటావమ్మాయ్?" అన్నారు. "విత్తనాలకి మందు పట్టించాలి అంటామండి" అన్నాను. అక్కడికక్కడే దిద్దుకున్నారు. అప్పటినుంచి ప్రతి కాగితం నా చేత చదివించేవారు. నేను ఎక్కడ ఆగితే అక్కడ ఒక గీత పెట్టుకునేవారు.

ఇక సాంబయ్య సంగతి రాయాలి. రాయకపోతే మేష్టారి గురించి రాసినట్టు కాదు.

సాంబయ్య మా పక్క చేను కౌలుకి చేసేవాడు. చుట్టరికం లేదు గానీ నన్ను అక్కా అంటాడు. చదువు లేదు. మేష్టారు చదివింది నోరు తెరుచుకుని వినేవాడు. మేష్టారు చెప్పారంటే చేసేవాడు.

ఒక ఏడు వరికి దోమ పట్టింది. చేలన్నీ పొట్ట మీద ఉన్నాయి, వెన్ను ఇంకా బయటపడలేదు. ఏం చెయ్యాలో బాపట్ల నుంచి కాగితం వచ్చింది. అందులో ‘డ్రై’ అనే మాట ఉందట. దానికి మేష్టారి దగ్గర రెండు మాటలు మిగిలాయి. ఒకటి ఆరగట్టడం, రెండోది ఎండగట్టడం. మాలో ఆరగట్టడమంటే నిలవనీళ్ళు తీసేసి, అడుగున తడి ఉండగానే మళ్ళీ నీళ్ళు పెట్టుకోవడం. ఎండగట్టడమంటే నేల నెర్రెలిచ్చేదాకా వదిలేయడం. ఆ వారం నేను మా అమ్మాయి పురిటికి పిట్టలవానిపాలెంలో ఉన్నాను. దోమ ఆగదు, కాగితం ఆగదు. మేష్టారు ‘ఎండగట్టండి’ అని అచ్చు వేయించి, మిల్లు దగ్గర తన నోటితోనే చదివి వెళ్ళారు. నేను ఊళ్ళో ఉంటే ఆ మాట దగ్గర ఆగేదాన్నో లేదో నాకూ తెలియదు.

చాలామంది ఆ కాగితంలో పకోడీలు పొట్లం కట్టుకున్నారు. సాంబయ్య ఎండగట్టాడు. మాది కాలవ చివర. మళ్ళీ నీళ్ళ వంతు వచ్చేసరికి నేల పగిలింది, చౌడు పైకి తేలింది. వెన్ను బయటికి వచ్చింది గానీ గింజలో పాలు లేవు.

కబురు విని మేష్టారు వచ్చారు. అప్పటికి నేనూ ఊళ్ళో ఉన్నాను. సాంబయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూసి లేవలేదు.

"ఎండగట్టమన్నారు, ఎండగట్టానండి" అన్నాడు.

"కాయితం చూసి సేద్యం చేసేవాడికి కాయితమే పండుద్దిరా" అని మా మరిది ఎకసెక్కమాడాడు.

మేష్టారు చెప్పులు విడిచి చేలోకి దిగారు. ఒక వెన్ను తుంచి అరచేతిలో నలిపారు. ఊదితే అంతా ఎగిరిపోయింది, తాలు.

"ఆరగట్టమని రాయాల్సింది సాంబయ్యా. తప్పు నాది."

"మరి అదే రాయకపోయారా?"

"దీపాన్ని కొండెక్కిందంటాం గానీ ఆరిందనం గదా నాయనా. పొట్టతో ఉన్న చేనుకి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు" అన్నారు మేష్టారు.

"మేమందరం ఆరగట్టామనే అంటామండి. మీరు మంచిమాట వెతుక్కున్నారు. నా చేను పోయింది."

ఆ తర్వాత మేష్టారు ఏ ఊళ్ళో మాట్లాడినా ముందు ఈ సంగతి చెప్పి గానీ కాగితం తీసేవారు కాదు. రేపల్లెలో ఒక ఆఫీసరుగారు, "నిఘంటువులో రెండూ ఒకటేగా మేష్టారూ, ఎందుకు నెత్తినేసుకుంటారు?" అన్నారు. "నిఘంటువుకి చేను లేదండి" అన్నారు మేష్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు.

ఆ ఏడే సాంబయ్య కౌలు పోయింది. తెనాలిలో ఒక మిల్లులో బస్తాలు మోసే పనికి చేరాడు. మేష్టారికి ఆ సంగతి తెలిసింది. అప్పటినుంచి మా ఊరు రావడానికి ముందు ఆ మిల్లుకి వెళ్ళేవారు. కూలీలు అన్నాలు తినే వేళకి వెళ్ళి, సాంబయ్య పక్కన తవుడు బస్తా మీద కూర్చుని, కొత్త కాగితం మొదటినుంచి చివరిదాకా చదివేవారు.

ఒకసారి నేను తెనాలి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళారు. తోటి కూలీలు, "ఒరే సాంబా, నీకు పురాణం చెప్పే అయ్యగారొచ్చారు" అని నవ్వుతున్నారు. సాంబయ్య గిన్నెలోనుంచి తల ఎత్తలేదు.

మేష్టారు చదవడం పూర్తిచేసి, "ఏ మాటైనా అడ్డం తగిలిందా నాయనా?" అని అడిగారు.

"నాకు చేను లేదండి" అని చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

స్టేషనుకి నడుస్తూ నేనుండబట్టలేక, "ఎందుకండీ అన్ని మాటలు పడతారు? ఇక వెళ్ళమాకండి" అన్నాను.

"వాడొక్కడే నన్ను నమ్మాడమ్మాయ్. మిగతావాళ్ళు నమ్మలేదు కాబట్టి బతికిపోయారు. వాడు మళ్ళీ వింటే గానీ నేను రాసింది రాసినట్టు కాదు" అన్నారు. చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. అద్దాల మీద మరక ఏమీ లేదు.

పెద్దకర్మ నాడు వారింటికి వెళితే సాంబయ్య వీధి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"పోయిన కాయితంలో నారుకి నీళ్ళు పలచగా పెట్టమని రాశారక్కా" అన్నాడు. "ఆ మాట బాగుంది."

"వినేవాడివా?"

"అన్నీ విన్నాను. తలెత్తితే ఒప్పుకున్నట్టవుద్దని ఎత్తలేదు."

"ఒక్కసారన్నా ఆయనతో అనకపోయావా సాంబయ్యా?"

"ఈసారి వస్తే అందామనుకున్నా."

లోపల ఫొటో ముందు దీపం సన్నగా అవుతోంది. గుమ్మంలోనుంచే చూసి, "కొండెక్కేట్టుందక్కా, నూనె పొయ్యి" అన్నాడు. వెళ్ళి పోశాను.

నిన్న మా ఊరికి కొత్త కాగితం వచ్చింది. ఎవరో సైకిలు మీద వచ్చి పంచి వెళ్ళిపోయారు. ఎవరి చేతా చదివించలేదు. రెండు చోట్ల ఆగాను. గీత పెట్టుకునేవాళ్ళు లేరు. ఇంకెవరూ రారు కూడా.

మేష్టారూ, నాకు రాయడం చేతకాదు. అయినా ఎందుకు రాశానంటే, మీకు చేరవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. సాంబయ్య విన్నాడండి.