ఫైరింజను నాలుగో చక్రం

మా బాపు కోరుట్లలో ఎడ్లబండ్ల చక్రాలు చేసేవాడు. ట్రాక్టర్లొచ్చాక ఆయన బాడిసె మూలకు పడింది. అలాంటి రోజుల్లో జగిత్యాల నుంచి ఒక ఆఫీసరు కబురంపాడు. వాళ్ల ఫైర్ స్టేషన్ వెనుక నిజాం కాలం నాటి, గుర్రాలు లాగే ఫైరింజను పడి ఉందట, బాగుచేస్తే గేటు దగ్గర నిలబెడతారట. లారీలో తెచ్చి మా వాకిట్లో దించారు.

"ఊకె నిలవెట్టుడు గాదు బిడ్డా, గుర్రం గట్టి ఒక్కసారన్న నడిపియ్యాలె" అన్నాడు బాపు. ఆ కోరికతో ఆయన మళ్లీ మనిషయ్యాడు. ఇత్తడి పంపు తోమాడు, ఎర్రరంగు వేశాడు, నాలుగు చక్రాలకూ కొత్త కర్ర చెక్కాడు.

చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం ఒక్కరి పని కాదు. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, నలుగురైదుగురు పటకార్లతో ఎత్తి, చల్లారేలోపే చక్రానికి తొడిగి నీళ్లు కుమ్మరించాలి. మా వాడకట్టులో పొగ లేస్తే మగవాళ్లు పిలవకుండానే వచ్చేవాళ్లు. కూలి అడగరు, కల్లు పోస్తే చాలు. సిరిసిల్ల నుంచి వచ్చి మా పక్కింట్లో ఉంటున్న మగ్గం పనివాడూ వచ్చేవాడు. అలా మూడు చక్రాలయ్యాయి.

మూడోదాని పొగకు పోలీసులూ వచ్చారు. "ఇనుము కాల్చి ఏం జేస్తున్రు? అడవిల అన్నలకేనా?" అంటూ పటకార్లు పట్టినవాళ్లను జీపెక్కించారు. ఆఫీసరిచ్చిన కాగితం చూపించాడని బాపును మాత్రం వదిలేశారు. మూడు రోజులకు మగ్గం పనివాడు గోడ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ పాదాలు మళ్లీ మగ్గం తొక్కలేదు.

నాలుగో చక్రానికి పొగ లేవగానే తలుపులు మూసుకున్నాయి. వాళ్లను ఏమనగలం? బాపు, అమ్మ, నేను, ముగ్గురమే ఎత్తాం. పట్టా ఒరిగింది. సరిచేసేలోపే నల్లబడింది. అయినా బాపు సమ్మెటతో కొడుతూనే ఉన్నాడు. చివరికి కర్ర ఫెళ్లున పగిలింది.

"ఇంకోటి చేద్దాం బాపు" అన్నాను.

"ఏ మొఖం వెట్టుకోని పిలువాలె బిడ్డా?"

ఆఫీసరు వచ్చి రంగు చూసి మురిసిపోయాడు. "పగిలిన చక్రం గోడవైపు పెడదాం, ఎవరు చూస్తారు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఫైరింజనును లారీలో తీసుకుపోయాక బాపు పక్కింటికి వెళ్లి మంచం దగ్గర కూర్చున్నాడు. నేనూ వెంట వెళ్లాను. మగ్గం పనివాడు లేవబోయి, లేవలేక అడిగాడు: "బండి నడిచిందా కాకా?"

"నడిచింది కొడుకా" అన్నాడు బాపు. "గుర్రం గట్టి జగిత్యాలంత తిప్పిండ్రు."