మామగారికి సెక్షన్ లేదు

వీధిలో అతన్ని అందరూ అల్లుడు అనే పిలుస్తారు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మామగారిది. పెళ్లయిన ఏడాదికి అతను పనిచేసే గోదాం మూతపడితే, ఖాళీగా ఉండడం ఎందుకు, వచ్చి కూర్చోమన్నాడు ఆయన. వచ్చి కూర్చున్నాడు. చేయి తిరిగింది. ఎదురుగా తాళంచెవులు చేసే ఆయన మొదట్లో వెటకారానికి అల్లుడుగారూ అనేవాడు. ఏళ్లు గడిచేసరికి వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది.

దుకాణం ఇరుకు. అందులో రెండు బల్లలు. కిటికీ దగ్గరది మామగారిది. చూపు తగ్గే కొద్దీ ఆయన దాన్ని వెలుతురు వైపు జరుపుకుంటూ పోయాడు. లోపలి బల్ల అల్లుడిది. దాని వెనక నుంచే పైకి మెట్లు. పైన మామగారు ఉండే రెండు గదులు. ఎక్కాలన్నా దిగాలన్నా వేరే దారి లేదు. అల్లుడు స్టూలు ముందుకు జరుపుకుంటే తప్ప ఆ సందులో మనిషి పట్టడు.

ఏ మిషన్ వచ్చినా ముందు మామగారు చక్రం తిప్పి చెవి పెట్టి వింటాడు. తరవాత అల్లుడు విప్పుతాడు. దారపు నుసి తీస్తాడు, గుడ్డను జరిపే పళ్లు తుడుస్తాడు, నూనె వేస్తాడు. రోజంతా వాళ్లిద్దరి మధ్య నడిచేది నాలుగు మాటలు. ఆ నాలుగింటిలో ఒకటి ఎప్పుడూ అల్లుడూ అన్నదే.

అతని భార్య రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఇద్దరూ రెండు వీధుల అవతల అద్దెకు ఉండేవాళ్లు. పోట్లాటల్లేవు. పిల్లల్లేరు. ఒకప్పుడు ఆ ప్రస్తావన వస్తే బాధపడేవాళ్లు, తరవాత ఆ ప్రస్తావనే రావడం మానేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం దుప్పటి మడతపెడుతూ, మనం విడిపోదాం అంది ఆమె. విడిపోయే మాటలో కూడా మనం ఉంది. దుప్పటి రెండో చివర అతని చేతిలో ఉంది. మడత పూర్తయ్యాక సరే అన్నాడు. చాలా కాలంగా అతని నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాటే అది.

ఆమె నాన్న దగ్గరికి మారింది. చిక్కంతా అక్కడ వచ్చింది. రోజూ పొద్దున్నే ఆమె మెట్లు దిగే వేళకి అతను బల్ల దగ్గర ఉంటాడు. స్టూలు జరుపుతాడు, తల ఎత్తడు. ఆమె సంచీని గుండెలకు అదుముకుని, గోడకు రాసుకుంటూ వెళ్లిపోతుంది. మామగారు ఆ కాసేపూ కిటికీలోంచి వీధిని చూస్తాడు.

మామగారు అల్లుడూ అనడం మానేశాడు. కోపం వచ్చి కాదు. ఏమని పిలవాలో తోచక. పేరు పెట్టి పిలిచే అలవాటు ఏనాడూ లేదు. గొంతు సవరించుకుని, "ఇదిగో, ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇటివ్వు," అనేవాడు. భార్య వెళ్లిపోవడానికి అతను సిద్ధపడ్డాడు గాని, ఈ ఇదిగోకి సిద్ధపడలేదు. విడాకుల కాగితాలు పూర్తయ్యాక ఈ బల్ల దగ్గర తనెవరు? పొమ్మని ఆయన అనడు. ఉండమని కూడా అనకపోతే?

తాళంచెవుల ఆయన ఊరుకునే రకం కాదు.

"రేపట్నుంచి నిన్నేమనాలయ్యా? మాజీ అల్లుడనా?"

అల్లుడు నవ్వేసి లోపలికి వచ్చాడు. ఆ నవ్వు గడప దాటలేదు.

అతని అక్క వచ్చి ఇంతెత్తున లేచింది. ఇన్నేళ్లు ఒళ్లు దాచుకోకుండా చేశావు, దుకాణంలో వాటా అడగవా అంది. నోట్లో వేలు పెట్టినా కొరకవు కాబట్టే నీ గతి ఇలా ఉంది అంది. మధ్యవర్తి దగ్గర ఒకసారి కూర్చుందామా అని భార్య ఫోన్‌లో పెట్టిన మెసేజ్ చూపిస్తే, అదంతా నిన్ను బుజ్జగించి వట్టి చేతులతో పంపడానికే అని తేల్చేసి, చెయ్యి పట్టుకుని లాయరు దగ్గరికి తీసుకెళ్లింది.

లాయరు చిన్న గొంతుతో మాట్లాడే మనిషి. అంతా విని, "మనం ముందు నోటీసు ఇద్దాం," అన్నాడు. "దుకాణం మీద కూడా అడుగుతాం కాబట్టి మామగారిని చేర్చాలి. ఆయన రెండో ప్రతివాది అవుతారు."

ఆ మనంలో ఉన్నది తనూ లాయరూ అని, మామగారు అవతల ఉన్నాడని అర్థం కావడానికి అల్లుడికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, మామగారితో కలిసి పనిచేసుకునే ఏర్పాటు ఏదైనా రాయించవచ్చా అని అడిగాడు.

లాయరు కళ్లజోడు తీశాడు. "చూడండి. వాటా కావాలంటే పోరాడతాను, అది నా పని. మామగారు కావాలంటే మాత్రం నా దగ్గర సెక్షన్ లేదు."

తరవాత ఒక్కొక్కటే అడిగాడు. ఆమె వల్ల భయం ఉందా, ఆస్తి ఏమైనా దాచిందా, ఎదురుగా కూర్చుంటే మీకు నోరు పెగులుతుందా అని. మొదటి రెండింటికీ లేదన్నాడు అల్లుడు. మూడోదానికి, ప్రయత్నిస్తానన్నాడు. అయితే ముందు మధ్యవర్తి దగ్గరికి వెళ్లమని, అక్కడ రాసుకున్నది సంతకానికి ముందు తనకు చూపించమని చెప్పి పంపాడు.

అక్కకి మింగుడు పడలేదు. వచ్చిన కేసుని పొమ్మనే లాయర్ని ఎక్కడా చూళ్లేదని దారంతా సణిగింది.

మధ్యవర్తి ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పినావిడ. ఆవిడ గదిలో ఒక గుండ్రబల్ల. దాని కాలు ఒకటి పొట్టిదై, కింద అట్టముక్క పెట్టారు. కూర్చోగానే అల్లుడి చూపు ఆ అట్టముక్క మీదికే పోయింది. ఇద్దరికీ మంచినీళ్లిచ్చి, ఇదంతా అయ్యాక ఏది పోకుండా ఉండాలనుకుంటున్నారో చెప్పమంది ఆవిడ. ముందు అతన్ని.

"మామయ్య," అన్నాడు.

దుకాణం అంటాడేమోనని బిగుసుకుని కూర్చున్న భార్య అతని వైపు తిరిగింది. "నాన్ననేం నేను ఎత్తుకుపోవట్లేదుగా."

"ఆయన నన్ను ఇదిగో అంటున్నారు."

ఆమె తల వంచుకుంది. కాసేపటికి ఆమె భుజాలు కదిలితే మధ్యవర్తి ఏడుపనుకుని రుమాలు జరిపింది. ఏడుపు కాదు.

"పైన నా దగ్గర నిన్నేమంటున్నాడో తెలుసా? కింద ఉన్నాయన అంటున్నాడు."

అతనికీ నవ్వొచ్చింది. ఎన్నాళ్ల తరవాతో ఇద్దరూ ఒకే మాటకి నవ్వారు. మధ్యవర్తి ఆ నవ్వును అవనిచ్చింది, తరవాత ఆమెను అడిగింది.

"నాకు పొద్దున్నే మామూలుగా పనికి వెళ్లాలని ఉంది, అంతే," అంది ఆమె. "అతను స్టూలు జరుపుతాడు. ఆ చప్పుడు వినాలంటే భయం. ఏదో తప్పు చేసినదానిలా దిగి పోవాల్సొస్తోంది. బంధువులేమో అతన్ని దుకాణంలోంచి పంపించేయమంటున్నారు. నాకది వద్దు."

స్టూలు చప్పుడు అంత పెద్దదని అతనికి అంతవరకూ తెలియదు.

దానికి ఆ రోజు దారి దొరకలేదు. దుకాణంలో అటు గోడకి అలమార్లు, ఇటు మామగారు. బల్ల జరపడానికి చోటే లేదు. ఆమె వేరే గది చూసుకుంటానంది. నాన్నకి రాత్రిళ్లు తోడు ఎవరని అతనే అడ్డుపడ్డాడు. ఆయన్ని కూడా పిలుద్దామంది మధ్యవర్తి.

మామగారు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ చెప్పింది విన్నాడు. మిషన్ వినేటప్పటిలాగే తల ఒక పక్కకి వాల్చి.

"తప్పు వీళ్లది కాదమ్మా," అన్నాడు మధ్యవర్తితో. "మెట్లది. బయటికి మార్చేద్దాం."

ఒప్పందంలోకి మెట్లు కూడా ఎక్కాయి. దుకాణం జోలికి ఎవరూ రాకూడదని, మామా అల్లుళ్లు ఇష్టమైనంత కాలం కలిసి చేసుకోవచ్చని రాశారు. లాయరు చదివి ఒక్క వాక్యం చేర్చమన్నాడు: దుకాణం ఎప్పుడైనా మూసినా, అమ్మినా, అల్లుడి పనిముట్లు అల్లుడివే. ఆ సంగతి గుండ్రబల్ల దగ్గర ఎవరికీ తట్టలేదు. మామగారు చదివించుకుని, ఇది ముందే ఉండాల్సింది అన్నాడు.

పైన వరండా పిట్టగోడ కొంత కొట్టి దారి తీశారు. వెల్డింగ్ చేసే ఆయన ఇనుప మెట్లు బండి మీద తెచ్చి గోడకు ఆనించాడు. బోల్టులు బిగించేదాకా పై అంచు ఎత్తి పట్టుకోవాలి. పైన ఒక పక్క మామగారు, ఒక పక్క అల్లుడు. మధ్యలో బరువు ఒక్కసారి అల్లుడి వైపు వాలింది.

"ఒరేయ్, వదలకురా."

అల్లుణ్ణి ఎవరూ ఒరేయ్ అనరు. అన్నాక ఆయనకీ తెలిసింది. చేతులు ఖాళీ లేవు, మొహం పక్కకు తిప్పుకునే వీలూ లేదు.

"పట్టుకునే ఉన్నా మామయ్యా," అన్నాడు అతను.

కింద చోద్యం చూస్తున్న తాళంచెవుల ఆయన, అల్లుణ్ణి పట్టుకుని ఒరేయ్ ఏమిటండీ అని అడిగాడు.

"అల్లుడైతే అనేవాణ్ణి కాదు," అన్నాడు మామగారు.

కోర్టులో పని త్వరగానే అయిపోయింది. ఎవరి బలవంతమూ లేదు కదా అని అడిగితే, ఇద్దరూ లేదన్నారు. బయటికి వచ్చి, ఆమె ల్యాబ్ వైపు, అతను దుకాణం వైపు నడిచారు. లోపలి మెట్ల పైభాగం చెక్కలతో మూసేశారు. మెట్టుకొక మిషన్ చొప్పున బాగుచేసినవి అక్కడే సర్దుతున్నారు. దుకాణానికి ఇంత చోటు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో అనుకున్నాడు అతను.

మర్నాడు పొద్దున బయట ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడయింది. కిందికి దిగిన ఆమె అలాగే వెళ్లిపోవచ్చు. కిటికీ దగ్గర ఆగింది.

"నాన్న కళ్లజోడు మరిచిపోయి దిగాడు," అని ఊచల్లోంచి చాపింది.

అతను లేచి వచ్చి అందుకున్నాడు.

"పైన వరండాలోంచి అడుగు పెడితే మెట్లు కొంచెం ఊగుతున్నాయి," అంది.

"సాయంత్రం నువ్వు వచ్చేలోగా బిగిస్తాం."

సరేనని ఆమె బస్సు కోసం నడిచింది. అతను కళ్లజోడు శుభ్రమైన గుడ్డతో తుడిచి, కిటికీ పక్క బల్ల మీద మామగారి చేతికి అందేలా పెట్టి, పానా వెతకడానికి వెళ్లాడు.