అవ్వ చుట్టిన తడిగుడ్డ

మొన్న మిట్టమధ్యాహ్నం చీర ఇస్త్రీ చేసుకుంటూ, ముడత ఎంతకీ పోవడం లేదని తడిగుడ్డ పరిచి దాని మీద పెట్టె ఆనించానో లేదో, సుయ్‌మని లేచిన ఆవిరి వాసన నన్ను డెబ్భై ఏళ్ల వెనక్కి లాక్కుపోయి మద్రాసు మాంబళంలోని రైలు గేటు దగ్గర నిలబెట్టింది.

కత్తిరి ఎండలంటే, అదే నడివేసవి ఎండలంటే, అప్పట్లో మాకు పండగే. మిద్దె మీద ఆరబెట్టిన వడియాల పచ్చిపిండి దొంగతనంగా నాకడం, తాటిముంజల నీళ్లు మోచేతుల దాకా కారడం, కరివేపాకు నలిపేసిన మజ్జిగ, తిన్నె మీద అచ్చనగండ్ల ఆట, వీటన్నిటి మధ్యా మా అవ్వ చెయ్యి. నాయనని కన్న తల్లి ఆవిడ. పాలగిన్నె మొదలుకొని మా నుదుళ్ల దాకా దేన్నయినా అరచేత్తో తాకితే గాని నమ్మేది కాదు.

నాయనకు ఒక నల్లకారు ఉండేది, ఎవరో దొర ఊరు వదిలిపోతూ అమ్మేసినది. పొద్దున పూట గుర్రంలా పోయే ఆ కారు, ఎండవేళ గేటు మూసి రైలు పోయాక మాత్రం మొరాయించేది. రైలు కింద పడి పోయినవాళ్లెవరో దెయ్యాలై దాన్ని పట్టుకుంటున్నారని వంటామె చెబితే నేను నమ్మేశాను, నమ్మినందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

ఒక వేసవిలో మూడేళ్ల తమ్ముడికి జ్వరం తలకెక్కి కళ్లు తేలేశాడు. అందరం కారెక్కి ఆసుపత్రికి బయలుదేరాం. గేటు పడింది. రైలు పోయింది. కారు కదల్లేదు. ఇంజనుకు దాహమేసిందనుకుని నాయన కూజాలో నీళ్లన్నీ రేడియేటరులో పోసేశాడు. అయినా లాభం లేదు. రోడ్డు మీద పిట్ట లేదు, రిక్షా లేదు. ఇంజను లోపల్నుంచి ఎవరో గుటకలు మింగుతున్న చప్పుడు. తొంగి చూస్తే ఇంజను పంపుకు బిగించిన గాజుబుడ్డిలో పెట్రోలు, కింద మంటే లేకుండా, తనంతట తానే కుతకుత ఉడుకుతోంది. వెనకసీట్లో తమ్ముడు మూలగడం కూడా మానేశాడు.

అవ్వ దిగొచ్చి పెట్రోలు వచ్చే రాగిగొట్టాన్ని తాకి, చురుక్కుమని చెయ్యి లాక్కుని, వెళ్లి తమ్ముడి నుదురు తాకింది.

"ఒరే, రెండూ ఒకే మాదిరి కాలతా ఉండాయిరా. బిడ్డ జొరం దీన్ని గూడా పట్టుకున్నాది."

తమ్ముడి నుదుటి మీది తడిగుడ్డని లాగేసింది.

"అయ్యో అత్తా, ఉండే తడి అదొక్కటే!" అని అమ్మ కేకపెట్టింది.

అవ్వ వినలేదు. గొట్టానికి ఆ గుడ్డ చుట్టేసింది. సుయ్‌మంది. కాసేపటికి గుటకలు ఆగాయి. నాయన తాళం తిప్పితే ఇంజను పలికింది. ఆసుపత్రి చేరేసరికి తమ్ముడి ఒళ్లు చల్లబడింది, నీళ్లు కావాలని అడిగాడు. ఆనందం పట్టలేక అమ్మ అవ్వ కాళ్ల మీద పడింది.

తర్వాతి వారం మెకానిక్ వచ్చి నవ్వాడు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదయ్యా. ఇంజన్ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతా ఉండాది, పంపుకి అందడంలా. తడిగుడ్డకి సల్లబడింది, అంతే." కొత్త గొట్టాన్ని ఇంజనుకు ఎడంగా వేశాడు. కారు మళ్లీ ఎప్పుడూ ఆగలేదు.

పాత గొట్టాన్ని మాత్రం అవ్వ పారేయనివ్వలేదు. "ఆడ పారేస్తే ఎవురి బిడ్డకో తగులుకుంటాది" అని గుడ్డతో సహా బీరువాలో దాచి, ఏటా కత్తిరి మధ్యాహ్నాల్లో తడిపేది. ఒక ఏడు ఇంట్లో పెళ్లి హడావిడిలో మరిచిపోతే, ఆ సాయంత్రమే తమ్ముడి ఒళ్లు కాలింది. అవ్వ తర్వాత అమ్మ తడిపింది, అమ్మ తర్వాత నేను. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, ద్రవం ఆవిరవడాన్ని నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించినదాన్ని. అయినా ప్రతి ఏడూ తడిపాను. ప్రతిసారీ ఆ గొట్టం చేతికి వెచ్చగా తగిలేది. మద్రాసు ఎండ కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. "అక్కా, నా జొరానికి నీళ్లు పోసినావా?" అని తమ్ముడు ఫోన్ చేసి నవ్వేవాడు.

మొన్న మాఘంలో తమ్ముడు పోయాడు.

ఇస్త్రీ పక్కన పెట్టి బీరువా తెరిచాను. అవ్వ లేదు, నల్లకారు లేదు, ఆ గేటూ లేదు, ఫోన్ చేసేవాడూ లేడు. బీరువా పిడి చెయ్యి కాల్చేంత ఎండ. గొట్టం మాత్రం నూతినీళ్లంత చల్లగా ఉంది. అరచేతుల మధ్య ఎంతసేపు పట్టుకున్నా వెచ్చబడలేదు.