అల్లం రోట్లో లోడరు పాఠం

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు లోడరు సీట్లో ఉండగా తెలిసింది. యార్డు సూపర్‌వైజరు దూరం నుంచి చెయ్యి ఊపుకుంటూ నడిచి వచ్చాడు. ఆయన ఎప్పుడూ నడిచి రాడు, వాకీటాకీలో అరుస్తాడు. ఆ నడక చూడగానే నాకు అర్థమైపోయింది. బకెట్టు నిండుగా గాలిలో ఉంది. ముందు దాన్ని టిప్పర్లో పోశాను. వెనక్కి వచ్చి బకెట్టు నేలకు ఆనించాను. బండి ఆపి కిందికి దిగి, అప్పుడు ఏడ్చాను. ఈ వరస నాకు నేర్పింది ఆయనే.

మావయ్యగారంటే నా భర్త తండ్రి. శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి రాయపూర్ వచ్చి, అక్కడే మోవా అనే పేటలో ఇల్లు కట్టుకుని, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ లోడరు తోలారు. నాలుగు పెద్ద రబ్బరు చక్రాలు, ముందు ఓ బకెట్టు; గుట్టలోంచి ఎత్తి లారీలో పోసే బండి అది. ఇక్కడ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఆరంగ్ వైపు రోడ్ల పనికి ఆయన తోలిన బండికి అద్దాలు లేవు. గేరు మార్చాలంటే భుజం మొత్తం కదలాలి. లివర్లు లాగీ లాగీ సాయంత్రానికి చెయ్యి పైకి లేచేది కాదట, అన్నం ముద్ద ఎడమ చేత్తో తినేవారట. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. బకెట్టులో బరువెంతో చెప్పడానికి ఏ యంత్రమూ లేదు, వెనక చక్రాలు తేలికవుతుంటే అదే లెక్క.

"ఆ బళ్లే బళ్లు, ఇప్పటివన్నీ బొమ్మలు" అని ఆయన ఈడువాళ్లు అంటుంటే మావయ్యగారికి ఒళ్లు మండేది. "పాత బండి మంచిదో కాదో నా బుజాన్ని అడగండి, అది సెప్తాది" అనేవారు. ఆ మాట కూడా అరిచే అనేవారు. ఆయన చెవులు సగం పాత ఇంజన్లే తినేశాయి. ఆయన నోరు విప్పితే వీధంతా వినాల్సిందే. మా ఇంట్లో రహస్యమన్నది నిలిచేది కాదు. నేను నెల తప్పిన సంగతి నా భర్త కన్నా ముందు పాలవాడికి తెలిసింది.

కొత్త బండి ఏది వచ్చినా ముందు ఎక్కేది ఆయనే. అద్దాల క్యాబిన్ వచ్చిన రోజు మిఠాయి తెచ్చారు. గేర్లు వాటంతట అవే పడే బండి వచ్చినప్పుడు వారం రోజులు ఆయన చెయ్యి లేని గేరు రాడ్డు కోసం తడుముకుంటూనే ఉంది. "అలవాటు ముసిలి కుక్కమ్మా, తోలేసినా గుమ్మంలోనే పడుంటాది" అని నవ్వేవారు. తర్వాత ఏసీ వచ్చింది. వరసగా ఉన్న లివర్లన్నీ పోయి కుడిచేతి కింద చిన్న జాయ్‌స్టిక్ ఒకటి మిగిలింది. వెనక ఏముందో చూపించే కెమెరా వచ్చింది. ఎత్తిన బకెట్టులో బరువెంతో ఎదురుగా తెర మీద పడేది.

ఆ తెర నా కొంప ముంచింది. నేను మావయ్యగారు బండి తోలే స్టీలు ప్లాంటు యార్డులోనే, కాటా గదిలో కూర్చుని లోపల తిరిగే టిప్పర్ల బరువు రాసేదాన్ని. లోడరే బరువు చెప్తుంటే ఇక ఆ గది దేనికన్నారు. నెలాఖరుకు మానేయమన్నారు. ఇంటికొచ్చి చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే మావయ్యగారు బూట్లు విప్పుతూ అడిగారు.

"ఏటైనాదమ్మా?"

చెప్పాను. ఆయన రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టి, "నీ సీటు ఏ బండి తీసేసిందో ఆ బండెక్కీ. దాన్లోన ఇప్పుడు కండబలం పనేటుంది? బుర్ర ఉండాల, సెయ్యి మెత్తగుండాల. అంతే" అన్నారు.

వీధంతా విన్నది. వంటింట్లోంచి మా అత్తగారు కూడా విన్నారు. "బాగుంది సంబడం! కోడలు లోడరు తోలడం, నాను ఈదిలోకెళ్లి దండోరా ఎయ్యడం!"

నన్ను శిక్షణ కేంద్రంలో చేర్పించింది మావయ్యగారే. కానీ అసలు బడి మా వంటింట్లో జరిగింది. అల్లం దంచే చిన్న రోలు ముందు పెట్టి, రోకలి నా చేతికిచ్చి, "ఇదే జాయ్‌స్టిక్" అన్నారు. వెనక్కి లాగితే బకెట్టు లేస్తుంది, ముందుకు నెడితే దిగుతుంది. ఎడమకు వంచితే సరుకును లోపలికి పొదువుకుంటుంది, కుడికి వంచితే బోర్లిస్తుంది. రోజూ టీకి అల్లం దంచుతూ అదే పని. అత్తగారు తల బాదుకునేవారు.

"ఏటే, అల్లం దంచమంటే బండి తోల్తన్నావా? అరె భగవాన్, టీ కబ్ మిలేగీ?"

టీ ఎప్పుడిస్తావని. ఇన్నేళ్లు రాయపూర్లో ఉండి ఉండి అత్తగారికి కోపంలో సగం హిందీయే వచ్చేది.

లైసెన్సు చేతికొచ్చింది. యార్డులో పరీక్ష రోజున సూపర్‌వైజరు నన్ను చూసి, "భాభీజీ, యే ఖేల్ నహీ హై" అన్నాడు, ఆట కాదమ్మా అని. నేను నోరు తెరిచేలోగా మావయ్యగారే అందుకున్నారు: "ఖేల్ హోతా తో ఘర్ మే ఖేల్తే సాబ్. కామ్ హై, ఇసీలియే లాయా." ఆటే అయితే ఇంట్లో ఆడుకునేవాళ్లం, పని కాబట్టే తీసుకొచ్చానని.

నేను సీటెక్కగానే ఆయన వెనక్కి తిరిగి నిలబడ్డారు. తను కనబడితే, సరిగ్గా తోలుతున్నానో లేదోనని నా కళ్లు తన మొహంలోనే వెతుక్కుంటాయని ఆయనకు తెలుసు. ఆశ కొద్దీ గుట్టలోకి మరీ లోతుగా దూరాను. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఆపరేటర్లు నవ్వారు. ఆ చప్పుడుకు మావయ్యగారి భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి కానీ ఆయన తిరగలేదు. ఈ సీటు దక్కకపోతే మళ్లీ యార్డు గేటు దాటి రానివ్వరు నన్ను. వెనక్కి తీసుకున్నాను. "బియ్యం సంచిలో డబ్బా ముంచినట్టు అడుగునుంచి ఎల్లు, కక్కుర్తి పడకు" అని మావయ్యగారు అన్న మాట గుర్తు తెచ్చుకుని బకెట్టు నేలబారున పోనిచ్చి, కొంచెం ఎత్తి, ఎడమకు వంచాను. చెయ్యి తనంతట తనే అల్లం దంచేసింది. టిప్పరు నిండింది. బకెట్టు నేలకు ఆనించి దిగాను.

"కల్ సే ఆ జాయియే" అన్నాడు సూపర్‌వైజరు, రేపటినుంచి రమ్మని.

అప్పుడు తిరిగారు మావయ్యగారు. "మా కోడలు!" అని ఒక్క కేక పెట్టారు. ఆ కేక అవతలి షెడ్డులో టీ తాగేవాళ్లకూ వినబడింది. నా జన్మలో నన్ను అంత గట్టిగా ఎవరూ మెచ్చుకోలేదు.

ఆయన పని మానేశాక మా యార్డుకు బ్యాటరీ లోడరు వచ్చింది. చూపిద్దామని తీసుకెళ్లాను. సీట్లో కూర్చుని, అద్దం తుడిచి, "స్టార్ట్ సెయ్యవేటమ్మా?" అని అరిచారు. అప్పటికే స్టార్టయి ఉంది. ఇంజను చప్పుడే లేని ఆ బండిలోంచి వచ్చిన అరుపుకు అందరూ ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వి, జాయ్‌స్టిక్ మెల్లగా లాగి, లేస్తున్న బకెట్టును చూస్తూ, "గెలిసీసినామమ్మా" అన్నారు. ఎవరి మీద గెలిచామో అడగలేదు నేను. ఆయన భుజం తడుముకుంటున్నారు.

ఆయన ఆషాఢంలో పోయారు. విశ్వకర్మ పూజ రోజున ప్లాంటుకు ఇంటిల్లిపాదీ వస్తారు, బండ్లకు దండలు వేస్తారు. ఏటి సూతకం కనక మేం పూజలో కూర్చోలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ యార్డు మొహం చూడని అత్తగారు మాత్రం ఆ రోజు నాతో వచ్చి, "మీ మావ కూకున్న బండేదే?" అని అడిగారు.

బ్యాటరీ లోడరు చూపించాను. మెట్లు పట్టుకుని ఎక్కారు. సూపర్‌వైజరు ఎదురుగా ఉన్నవాళ్లను దూరం జరిపించాడు. నేనూ ఎక్కి సీటు పక్కన నిలబడి, తలుపు వేసి బండి ఆన్ చేశాను. ఎలాగో చెబుదామనుకునేలోపే ఆవిడ చెయ్యి జాయ్‌స్టిక్ మీద పడింది. వెనక్కి లాగారు. బంతిపూల దండతో సహా బకెట్టు లేచింది. కింద ఆపరేటర్లు ఈలలు వేశారు.

"అత్తయ్యా, మీకెలా తెలుసు?"

"నా వంటింట్లోనే కదే మీ బడి" అన్నారు కళ్లు తుడుచుకోకుండానే. ఇంతలో ఆవిణ్ణి దింపుదామని నేను తలుపు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆగు. కింద పెట్టకుండా దిగకూడదన్నారు కదా మీ మావ."

జాయ్‌స్టిక్‌ను మెల్లగా ముందుకు నెట్టారు. బకెట్టు దిగి, చప్పుడు కాకుండా, దండ నలగకుండా నేలకు ఆనింది.